స్నేహమా? రాజభక్తియా?



ప్రాణస్నేహితుడు ఒక పక్క, ఉప్పు తిన్న ఇల్లు మరొక పక్క నిలబడి, రెండు వైపుల నుండి పిలుపు వస్తే మనిషి ఎటు వెళ్ళాలి? ఈ ప్రశ్న కొత్తది కాదు. పరిశుద్ధ గ్రంథములో యోనాతానుకు ఇదే కష్టము వచ్చింది. తండ్రియైన సౌలు రాజు దావీదును చంపదలచాడు. దావీదు యోనాతానుకు ప్రాణమిత్రుడు. యోనాతాను మిత్రుణ్ణి కాపాడాడు, కాని తండ్రిని విడిచి పోలేదు. చివరకు గిల్బోవ కొండ మీద తండ్రితోపాటే యుద్ధములో కూలిపోయాడు.

ఈ ప్రశ్ననే 17వ శతాబ్దపు ఫ్రాన్సు దేశములో కత్తివీరులు ఎలా ఎదుర్కొన్నారో ఈ వారము తెలుసుకుందాము. 1622లో 13వ లూయీ రాజు తన అంగరక్షక దళములో ఒక పటాలానికి మస్కెట్ అనే పొడవాటి తుపాకులు ఇచ్చాడు. వారికే మస్కటీర్లు అని పేరు. అలెగ్జాండర్ డ్యూమా అనే ఫ్రెంచి రచయిత 1844లో వారిని గూర్చి రాసిన నవల ద్వారా అతోస్, పోర్తోస్, అరామిస్, దార్తాన్యాన్ అనే నలుగురు మిత్రులు లోకమంతటికీ తెలిశారు. మన పిల్లలలో చాలామంది ఆ కథను చదివే ఉంటారు.

స్నేహితుని వెంట చావులోకి

ఆనాటి ఫ్రాన్సులో కులీనులకు ద్వంద్వ యుద్ధము ఒక వ్యసనము. చిన్న మాట పట్టింపుకే కత్తులు దూసేవారు. ఇందులో మరొక ఘోరము ఉంది. పోరాడే ఇద్దరూ తమ స్నేహితులను తోడు తెచ్చుకునేవారు. ఏ పగా లేని ఆ స్నేహితులు కూడా ఒకరినొకరు పొడుచుకునేవారు. "రాను" అంటే పిరికివాడనీ, స్నేహద్రోహి అనీ పేరు వస్తుందని భయము.

శ్రీసభ దీనిని ఏనాడూ ఒప్పుకోలేదు. 1563లో త్రెంతు మహాసభ ద్వంద్వ యుద్ధము చేసేవారిని, వారికి తోడు నిలిచేవారిని శ్రీసభ నుండి వెలివేయాలనీ, అందులో చనిపోయినవారికి క్రైస్తవ భూస్థాపన ఉండరాదనీ శాసించింది. కార్డినల్ రిషెల్యూ మంత్రిగా ఉన్న కాలములో, 1626లో, రాజు కూడా కఠినమైన చట్టము చేశాడు.

ఆ చట్టాన్ని బూత్‌విల్ అనే ప్రభువు లెక్కచేయలేదు. 1627 మే 12న పారిస్ నగరము నడిబొడ్డున ప్లాస్ రాయల్ అనే చౌకులో, పట్టపగలు, ముగ్గురికి ముగ్గురుగా పోరు జరిగింది. అతనికి తోడు వచ్చిన దాయాది దే షపెల్ చేతిలో ఎదుటి పక్షము మనిషి ఒకడు చనిపోయాడు. ఇద్దరూ పారిపోతూ పట్టుబడ్డారు. పెద్ద పెద్ద కుటుంబాలవారు వచ్చి బతిమాలినా రాజు క్షమించలేదు. జూన్ 22న ఇద్దరి తలలూ తెగిపడ్డాయి.

దే షపెల్‌కు సొంత పగ ఏముంది? "మనవాడు పిలిచాడు, వెళ్ళాలి" అన్నదే అతని న్యాయము. ఆ న్యాయము ఒకరి ప్రాణము తీసింది, తన తల తీయించింది, పిలిచిన బంధువునూ కాపాడలేకపోయింది.

అదే చౌకులో నలుగురు మిత్రులు

డ్యూమా 1845లో రాసిన రెండవ నవల ఇరవై ఏళ్ళ తరువాతి కథ. కాలము 1648. 14వ లూయీ పదేళ్ళ బాలుడు. తల్లి ఆన్ రాణి, కార్డినల్ మజారిన్ పాలన నడుపుతున్నారు. పన్నుల భారముతో విసిగిన జనము, అధికారము కోరిన ప్రభువులు తిరగబడ్డారు. ఫ్రోండ్ అని పిలిచే ఆ అంతర్యుద్ధము 1653 వరకు సాగింది.

నవలలో దార్తాన్యాన్, పోర్తోస్ మజారిన్ పక్షాన నిలిచారు. అతోస్, అరామిస్ తిరుగుబాటుదారుల పక్షాన చేరారు. ఒక రాత్రి చీకటిలో ఇరుపక్షాలూ కత్తులు కలిపాయి. ఎదుట ఉన్నది ఎవరో తెలిసేసరికి నలుగురూ నిర్ఘాంతపోయారు.

తరువాత వారు మాట్లాడుకోవడానికి ప్లాస్ రాయల్‌లోనే కలుసుకున్నారు. అందరూ ఆయుధాలతోనే వచ్చారు. అంటే ఒకరి మీద ఒకరికి నమ్మకము పోయిందన్నమాట. నిందలు మొదలయ్యాయి, మాటకు మాట పెరిగింది. అప్పుడు అతోస్ తన కత్తి తీసి మోకాలికి ఆనించి విరిచి పారేశాడు. అరామిస్‌ను కూడా విరవమన్నాడు. ఆపైన అరామిస్ మెడలోని సిలువ మీద నలుగురూ ప్రమాణము చేశారు: ఏ యుద్ధములో ఎదురుపడినా ఒకరి మీద ఒకరు కత్తి ఎత్తరు, కత్తిని ఎడమ చేతికి మార్చుకొని కుడి చేయి చాస్తారు.

ఒక సంగతి గమనించండి. ఎవరూ తమ పక్షాన్ని విడిచిపెట్టలేదు. "నీవు నా వైపు వస్తేనే స్నేహితుడవు" అని ఎవరూ అనలేదు. పక్షాలు వేరుగానే ఉన్నాయి, కాని పగకు మాత్రము ముందుగానే హద్దు గీసుకున్నారు.

కాపలావాని మర్యాద

ఇది కథ. కాని దార్తాన్యాన్ అనే మస్కటీరు చరిత్రలో నిజముగా ఉన్నాడు. 1661 సెప్టెంబరు 5న నాంత్ నగరములో 14వ లూయీ ఆజ్ఞపై ఆర్థిక మంత్రి ఫూకేను బంధించినది ఆయనే. మూడేళ్ళకు పైగా కాపలా కాసినదీ ఆయనే.

ఫూకే స్నేహితురాలు మదాం ద సెవిన్యే 1664లో రాసిన లేఖలో ఒక చిన్న సంఘటన ఉంది. న్యాయస్థానము నుండి ఫూకేను తీసుకువెళ్ళే దారిలో ఆమె మరికొందరు స్త్రీలతో కలిసి ముసుగు ధరించి నిలబడింది. దార్తాన్యాన్ ఖైదీని మెల్లగా తట్టి, వారు అక్కడ ఉన్నారని సూచించాడు. ఫూకే చిరునవ్వుతో వారికి నమస్కరించాడు.

దార్తాన్యాన్ ఖైదీని తప్పించలేదు, రాజాజ్ఞను మీరలేదు. కాని కష్టములో ఉన్న మనిషికి స్నేహితుల ముఖము చూపించాడు. న్యాయస్థానము దేశబహిష్కరణ శిక్ష వేయగా రాజు దానిని యావజ్జీవ ఖైదుగా మార్చాడు. 1665 జనవరిలో ఫూకేను దూరాన ఉన్న పిన్యెరోల్ కోటకు చేర్చినదీ దార్తాన్యానే. ఆయన 1673లో మాస్ట్రిక్ట్ ముట్టడిలో మరణించాడు.

మనకు పాఠము

డ్యూమా వీరులు పునీతులు కారు. వారి కోపము, ద్వంద్వ యుద్ధాలు మనకు ఆదర్శము కావు. తల్లిదండ్రులు పిల్లలకు ఈ మాట చెప్పి మరీ కథ చదివించాలి. అయినా మనము నేర్చుకోవలసినవి ఉన్నాయి.

మొదటిది, స్నేహితుడు పిలిచాడు గదా అని తప్పుడు పనికి తోడు వెళ్ళడము స్నేహము కాదు. దే షపెల్ "వద్దు" అని ఉంటే ఇద్దరూ బతికేవారేమో. రెండవది, యజమాని పట్ల విశ్వాసము మంచిదే, కాని అది మనస్సాక్షిని చంపుకొమ్మని అడగరాదు. మూడవది, అన్నదమ్ములు రెండు పక్షాలలో ఉండడము పాపము కాదు. ఒకరి గుమ్మము ఒకరు తొక్కకపోవడము పాపము. ఎన్నికలు, ఆస్తి పంపకాలు, ఊరి తగాదాలు రాకముందే, మనసులు చల్లగా ఉన్నప్పుడే, హద్దు గీసుకోవాలి. కోపము వచ్చాక గీత కనబడదు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకొనుటకు:

1. స్నేహితుని మాట కాదనలేక మనము ఎప్పుడైనా తప్పుకు తోడు వెళ్ళామా?

2. పక్షము వేరైనందుకు మనము మాట్లాడడము మానేసిన బంధువు ఎవరైనా ఉన్నారా? ఈ ఆదివారము పూజ ముగిశాక గుడి ముంగిట్లో మొదట చేయి చాచేది ఎవరు?