సీతాఫలం

వర్షాకాలం వెనుదిరిగే వేళకు మాదాపూర్, గచ్చిబౌలి రహదారుల అంచున సీతాఫలాల గంపలు వెలుస్తాయి. అద్దాల సౌధాల నుండి వచ్చే ఉద్యోగులు పండును నొక్కి చూచి బేరమాడతారు. మాగిన సీతాఫలం ఆ ఒత్తిడికే చిట్లిపోతుంది. నొక్కిన ప్రతి వ్రేలూ గంప ముందు కూర్చున్న స్త్రీకి నష్టమే.

పేరు రామాయణాన్ని స్ఫురింపజేసినా ఈ చెట్టు జన్మస్థానం అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతం. పోర్చుగీసువారి ద్వారా ఇది మన దేశానికి వచ్చిందని పలువురి అభిప్రాయం. దీని జ్ఞాతులైన రామాఫలం, లక్ష్మణఫలం కూడా అక్కడివే. పరదేశపు మొక్కలను మనవారు ఇంత ఆత్మీయంగా రామకథలో చేర్చుకొన్నారు!

దక్కను రాతినేల దీనికి చక్కగా అమరింది. వేసవిలో ఆకు రాల్చి, తొలకరికి చిగిర్చే ఈ చెట్టు గులకనేలలోనూ బ్రతుకుతుంది. మేకలు సైతం దీని ఆకు ముట్టవు. కనుక కంచె లేకున్నా గుట్టలపై వ్యాపించింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్ పరిసరాలలోని గుట్టలు ఎన్నో పగిలి భవనాలకు చోటిచ్చాయి. మహబూబ్‌నగర్ జిల్లా పండ్లకు నగరంలో గిరాకీ ఎక్కువ. ప్రసిద్ధమైన 'బాలానగర్' రకానికి ఆ జిల్లాలోని బాలానగర్ పేరే వచ్చింది; హైదరాబాదులోని పారిశ్రామికవాడతో దానికి సంబంధం లేదు.

కండ్లు విచ్చుకొని, వాటి నడుమ గీతలు లేత పసుపు రంగుకు తిరిగినపుడు కాయను కోస్తారు. రెండు మూడు రోజులలో అది మాగుతుంది. పచ్చికాయను ఫ్రిజ్‌లో ఉంచితే సరిగా మాగక నల్లబడుతుంది. మాగిన పండు మరునాటికి నిలవడమే కష్టం. కొనేవారికి కనబడని తొందర అమ్మేవారికి ఉండేది ఇందువల్లనే.

నూరు గ్రాముల గుజ్జులో సుమారు 100 కిలోకాలరీల శక్తి, 20 గ్రాములకు పైగా పిండిపదార్థాలు, దాదాపు 35 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటాయి. పీచు, పొటాషియం కూడా తగినంత లభిస్తాయి. చక్కెర అధికం గనుక మధుమేహం గలవారు మితం పాటించాలి.

వంటకు ఇది ఒక విధంగా మొండి పండు. పొయ్యిమీద కాగితే గుజ్జు చేదెక్కుతుంది. గాలి తగిలితే రంగు మారుతుంది. అందువల్ల బాసుంది చేసేవారు పాలను సగానికి మరిగించి, చక్కెర కలిపి, పూర్తిగా చల్లార్చిన తరువాతనే గుజ్జు వేస్తారు. వేడి తగలనందున సి విటమిన్ కూడా చాలవరకు నిలుస్తుంది. మొజంజాహీ మార్కెట్టు దుకాణాలలో ఈ ఋతువులో లభించే సీతాఫలం ఐస్‌క్రీముకు నగరమంతటా ఆదరణ ఉంది.

గుజ్జు తీయడంలో మాత్రం జాగ్రత్త అవసరం. పండును గింజలతో సహా మిక్సీలో వేయరాదు. నలిగిన గింజ విషతుల్యం. దాని పొడి కంటిలో పడితే తీవ్రమైన మంట, వాపు కలుగుతాయి. తలలో పేలు పోవడానికి ఆ పొడిని పూసుకొని కన్నులకు హాని తెచ్చుకొన్నవారున్నారు. గుజ్జును జల్లెడపై వేసి వ్రేళ్లతో మెల్లగా రుద్దితే గింజలు నలగక పైన మిగులుతాయి.