నెట్ కనెక్షన్ బిగించే రోజు: చేయవలసినవి, చేయకూడనివి

ఇంటికి నెట్ పెట్టించుకునేటప్పుడు అందరూ అడిగేవి రెండే: స్పీడు ఎంత, నెలకు ఎంత? ఆ రెండూ నచ్చకపోతే వచ్చే నెల మార్చుకోవచ్చు. తీగ ఏ దారిన లోపలికి వచ్చింది, రూటర్ డబ్బా ఎక్కడ బిగించారు, దాని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు అన్నవి మాత్రం మొదటి రోజు ఎలా కుదిరితే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి. అందుకే బిగించే కుర్రాడు నిచ్చెన తీసుకుని వెళ్లకముందే వీటిని చూసుకోండి.

ముందు తీగ సంగతి. డాబా ఎక్కి అది ఏ స్తంభం నుంచి వస్తోందో, కరెంటు తీగలకు ఎంత ఎడంగా ఉందో మీ కళ్లతో చూడండి. ఫైబర్ అంటే గాజు, దానిలో కరెంటు పారదు అని చాలామంది ధీమా. లోపలి గాజు పోగు వరకు అది నిజమే. కానీ గాలికి ఊగినా తెగిపోకుండా, స్తంభం నుంచి ఇంటికి లాగే తీగలో చాలాసార్లు ఉక్కు తీగ కూడా ఉంటుంది. అది ఎక్కడో వీధి చివర కరెంటు తీగకు ఆనుకుంటే ప్రమాదం మీ పిట్టగోడ దాకా వస్తుంది. మన దగ్గర ఈ భయం ఊహ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్‌నెట్ లైన్లు కరెంటు స్తంభాల మీదుగానే సాగాయి. హైదరాబాద్ రామంతాపూర్‌లో 2025 ఆగస్టులో కృష్ణాష్టమి రథం ఊరేగింపులో కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత స్తంభాలకు వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించడం మొదలుపెడితే నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్ ఆగిపోయింది. ఆగిన నెట్ గురించి జరిగినంత చర్చ, ఆ తీగలు అలా ఎందుకు వేలాడుతున్నాయన్న దాని మీద జరగలేదని నా బాధ.

కాబట్టి కరెంటు తీగల మీదుగా గానీ, వాటికి చేతికందేంత దగ్గరగా గానీ తీగ లాగనివ్వకండి. "దగ్గరి దారి ఇదేనండీ, పది నిమిషాల్లో అయిపోతుంది" అంటే, వేరే దారి చూడమని గట్టిగా చెప్పండి. స్తంభం ఎక్కేది ఆ కుర్రాడే, ముందు ప్రమాదం అతనికే. డాబా మీద బట్టలారేసే తీగకూ ఇనుప రెయిలింగుకూ కట్టనివ్వొద్దు. కరెంటు వైర్లు పోయే పైపులోంచి ఫైబర్ దూర్చనివ్వొద్దు. గోడకు రంధ్రం పెట్టించేటప్పుడు బయటివైపు కిందికి వాలుగా ఉండేలా చూడండి, లేకపోతే వాన నీరు తీగ వెంట లోపలికి వచ్చేస్తుంది. గాలివానకు తెగి వీధిలో పడిన తీగ నెట్‌దే అని తెలిసినా చేత్తో పట్టుకుని పక్కకు జరపకండి. పిల్లల్ని దూరంగా ఉంచి విద్యుత్ శాఖ నంబరు 1912కు ఫోన్ చేయండి.

ఇంట్లో కూర్చుని ఫైబర్ అతికేటప్పుడు తెగిపడే గాజు ముక్కలను దాదాపు ఎవరూ పట్టించుకోరు. ఆ పోగు మందం 125 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుకంత. నేల మీద కనిపించదు, కాలిలో గుచ్చుకుంటే బయటికి తీయడం కష్టం. పాకే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. కింద పాత పేపరు పరిపించండి, పని అయ్యాక ముక్కల్ని టేపుకు అంటించి ఎత్తించండి. వట్టి చేత్తో తుడవకండి. ఫైబర్ కొసలోకి కన్ను పెట్టి చూడకండి, అందులో వచ్చే లేజర్ వెలుతురు కంటికి కనిపించని రకం. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ పీకి చూడకుండా ఫిర్యాదు చేయండి.

కొన్ని అపార్టుమెంట్లలో మేడ మీది పెట్టె నుంచి ప్రతి ఫ్లాటుకూ రాగి లాన్ కేబులే వస్తుంది. అలాంటి చోట ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గుతో పాటు ఆ కేబులు కూడా పీకేయాలి. ఒకటి పీకి ఇంకొకటి వదిలేస్తే లాభం లేదు.

డబ్బాను ఇంటి మధ్యలో, గాలి ఆడే చోట, కాస్త ఎత్తులో పెట్టించండి. బీరువాలో, టీవీ వెనక, దేవుడి దీపం పక్కన వద్దు. పిన్ను సరిపోయింది కదా అని సెట్‌టాప్ బాక్సు అడాప్టరు దానికి గుచ్చకండి. డబ్బా మీద 12 వోల్టులని ఉంటే అడాప్టరైనా మినీ యూపీఎస్ అయినా 12 వోల్టులదే కావాలి.

ఇక తాళం మాట. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు ముందు బెదిరింపు ఈమెయిల్ వెళ్లింది నవీ ముంబైలో ఒక ఇంటి పాస్‌వర్డ్ లేని వైఫై నుంచి. పోలీసులు ముందు వచ్చింది ఆ ఇంటికే. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో లోబరచుకుంది. కాబట్టి రెండు పాస్‌వర్డ్‌లు మార్చాలి: వైఫైది ఒకటి, రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లేది ఇంకొకటి. రెండోదాన్ని చాలామంది మరిచిపోతారు. ఇంటి పేరో ఫోన్ నంబరో పెట్టొద్దు. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఎంచుకుని, డబ్ల్యూపీఎస్ ఆపేయండి. చుట్టాలకూ సీసీ కెమెరాలకూ గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ వాళ్లు గడప దాటగానే మార్చేయడం వాళ్లను అనుమానించడం కాదు, ఎవరింట్లోనైనా చేయవలసిన పనే.

డబ్బు విషయంలో తొందరపడకండి. పక్కింటివాళ్లకు ఆ కంపెనీ నెట్ సాయంత్రం పూట ఎలా వస్తోందో అడిగాకే ఏడాది ప్లాను ఆలోచించండి. చెప్పిన ధరకు 18 శాతం జీఎస్టీ కలుస్తుందా, ఇదివరకే కలిపారా అడగండి. లైసెన్సున్న కంపెనీయో కాదో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు. రసీదు లేకుండా ఎవరి సొంత యూపీఐకీ పంపొద్దు. దరఖాస్తు సమయంలో మీ ఎదుటే వాడే ఓటీపీ వేరు, తర్వాత ఫోన్ చేసి "బిల్లు కట్టలేదు, ఈ యాప్ వేసుకోండి" అని అడిగే ఓటీపీ వేరు. ఆ ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి చెప్పండి.

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు రూటరును అలా గోడకే వదిలేయొద్దు. రీసెట్ బటన్ నొక్కి మీ సెట్టింగులు చెరిపేసి, కంపెనీకి అప్పగించి, అందినట్టు రసీదు తీసుకుని, డిపాజిట్ ఖాతాలో పడేదాకా దాన్ని దాచుకోండి.