సొంత ల్యాప్‌టాప్ కొనడం ఎలా? మన ఎండకూ మన దూరాలకూ సరిపోయేలా

కరీంనగర్‌లో 2020 జులై 21న ఐటీ టవర్ ప్రారంభమైంది. అప్పటికే కరోనా వల్ల ఇంటి నుంచి పని మొదలైంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో సాఫ్ట్‌వేర్ పని అంటే హైదరాబాద్ బస్సెక్కడమే అన్న లెక్క ఆ ఏడాది నుంచే మారుతూ వచ్చింది. నాచుపల్లి జేఎన్టీయూలో చదివే అమ్మాయికీ, బాసర ట్రిపుల్ ఐటీ నుంచి బయటికొచ్చిన అబ్బాయికీ, మంచిర్యాలలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసే తమ్ముడికీ సొంత ల్యాప్‌టాప్ కావాలి. ఆఫీసు వాళ్లు ఇచ్చినది ఉన్నా సరే. అది కంపెనీ తాళంలో ఉంటుంది. అందులో ఆట ఎక్కించకూడదు, సొంత ప్రాజెక్టు పెట్టుకోకూడదు, ఉద్యోగం మారిన రోజే తిరిగి ఇచ్చేయాలి.

ఏది కొనాలో చెప్పే వీడియోలకు కొదవ లేదు. వాటిలో ఎక్కువ భాగం ఏసీ గదిలో కూర్చుని, సర్వీస్ సెంటర్ పక్క వీధిలో ఉన్నవాళ్లు చేసినవి. మన దగ్గర మే నెల వేరు, దూరం వేరు. అందుకే నేను చెప్పే వరుస కూడా వేరు: ముందు పని, తర్వాత మెమరీ, తర్వాత వేడి, సర్వీసు. గ్రాఫిక్స్ కార్డు స్టిక్కర్ చివర.

మొదట కాగితం మీద రాయండి

దుకాణానికి పోకముందే, వచ్చే మూడు నాలుగేళ్లలో దీని మీద ఏమేం నడుపుతారో రాసుకోండి. వెబ్‌సైట్లు, పైథాన్, జావా నేర్చుకునేవారికి పెద్ద అవసరాలేమీ ఉండవు. ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవారికి, డాకర్ నడిపేవారికి మెమరీ ఎక్కువ కావాలి. ఐఫోన్ యాప్‌లు తయారుచేయాలంటే ఎక్స్‌కోడ్ ఉండాలి, అది మ్యాక్ మీదే నడుస్తుంది. ఆ పని ఖాయంగా ఉంటేనే మ్యాక్ వైపు చూడండి.

పక్కనే ఆటల పేర్లు కూడా రాయండి. సాయంత్రం ఓ గంట వాలరెంట్, ఆదివారం జీటీఏ ఫైవ్, నడుమ ఓ క్రికెట్ ఆట అయితే అది తేలిక గేమింగే. కొత్తగా వచ్చే పెద్ద ఆటలన్నీ హై సెట్టింగ్స్‌లో ఆడాలంటే లెక్క వేరు, ధర వేరు. వాలరెంట్ మ్యాక్ మీదా, లైనక్స్ మీదా నడవదు. విండోస్ 11లో దానికి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఆన్‌లో ఉండాలి. పక్కన లైనక్స్ వేసుకోవడానికి సెక్యూర్ బూట్ ఆపేసి, ఆ తర్వాత ఆట ఎందుకు తెరుచుకోవడం లేదో తెలియక తికమకపడేవారు చాలామంది.

మెమరీలో రాజీ వద్దు

16 జీబీ ర్యామ్‌కు తక్కువ కొనకండి. ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్, క్రోమ్‌లో పది ట్యాబ్‌లు కలిస్తే 8 జీబీ నిండిపోతుంది. విండోస్‌లోనే లైనక్స్ నడిపించే డబ్ల్యూఎస్‌ఎల్ 2 సంగతి చూడండి. మనం మార్చకపోతే అది మొత్తం మెమరీలో సగం దాకా వాడుకోగలదు. 8లో సగం అది తీసుకుంటే మిగతా అన్నిటికీ కలిపి మిగిలేది 4.

"ఇప్పుడు 8 తీస్కో అన్నా, తర్వాత పెంచుకోవచ్చు" అని దుకాణంలో అంటారు. అప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ర్యామ్‌ను బోర్డుకే అతికించారా? లేదంటే ఖాళీ స్లాట్ ఉందా? అతికించినదైతే ఇక పెంచడమన్న మాటే లేదు. స్లాట్ ఉన్నా, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. తర్వాత చవగ్గా వేయించుకుందామన్న పాత లెక్క ఇప్పుడు పనికిరాదు.

ఇంకో సూక్ష్మం ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఆటల వేగం ర్యామ్ మీదే ఆధారపడుతుంది. 16 జీబీని ఒకే ముక్కగా పెడితే బండికి ఒక్క ఎద్దును కట్టినట్టే. 8, 8 చొప్పున రెండు ముక్కలుంటే ఆటలు స్పష్టంగా మెరుగ్గా నడుస్తాయి. ఇంటెల్ 11, 12, 13 తరాల చిప్‌లు కొన్నింట్లో ఒకే ముక్క ఉంటే 'ఐరిస్ ఎక్స్‌ఈ' అన్న పేరు కూడా కనపడదు, ఉత్త 'యూహెచ్‌డీ' అని చూపిస్తుంది.

స్టోరేజీ 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ ఉండాలి. జీటీఏ ఫైవ్ ఒక్కటే 100 జీబీ దాకా తినేస్తుంది. రెండో ఎస్‌ఎస్‌డీకి చోటుంటే ఇంకా మంచిది.

ప్రాసెసర్ పేరు చివరిదాకా చదవండి

'ఐ5', 'రైజెన్ 5' అన్న పెద్దక్షరాల దగ్గరే చాలామంది ఆగిపోతారు. అసలు సమాచారం ఆ తర్వాతి అంకెల్లో ఉంటుంది. ఏఎమ్‌డీ 7000 వరుసలో మూడో అంకె చూడాలి. రైజెన్ 5 7520యూ లో ఆ అంకె 2. అంటే 2019 నాటి జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు, దాని ర్యామ్ కూడా బోర్డుకు అతికించిందే. రైజెన్ 5 7530యూ లో ఆ అంకె 3. అంటే జెన్ 3, ఆరు కోర్లు. పెట్టె మీద రెండింటికీ 'రైజెన్ 5 7000 సిరీస్' అనే ఉంటుంది. పండుగ ఆఫర్లలో ఆశ్చర్యపోయేంత తక్కువ ధర కనపడితే ముందు ఈ అంకె చూడండి.

చివరి అక్షరానికీ అర్థముంది. 'యూ' అంటే తక్కువ కరెంటు, తక్కువ వేడి, ఎక్కువ బ్యాటరీ. 'హెచ్', 'హెచ్‌ఎస్' అంటే ఎక్కువ బలం, ఎక్కువ వేడి. చదువుకూ మామూలు కోడింగ్‌కూ మంచి 'యూ' చాలు. పెద్ద ప్రాజెక్టులు బిల్డ్ చేసేవారికి ఐ5-13420హెచ్ లాంటిది హాయిగా ఉంటుంది. సెలెరాన్, ఎన్100 చిప్‌లున్నవి టైపింగ్‌కు సరిపోతాయి, ఈ పనికి వద్దు.

గ్రాఫిక్స్ కార్డు కావాలా?

కాగితం మీద వాలరెంట్ ఒక్కటే ఉంటే అక్కర్లేదు. అది చాలా పాత కంప్యూటర్ల మీద కూడా నడిచేలా చేసిన ఆట. రెండు ముక్కల ర్యామ్, మంచి ప్రాసెసర్ ఉంటే అందులోని గ్రాఫిక్స్‌తోనే నడిచిపోతుంది. జీటీఏ ఫైవ్, పెద్ద ఫుట్‌బాల్, కారు రేసు ఆటలు నున్నగా ఆడాలంటే ఆర్‌టీఎక్స్ 3050 చాలు. డబ్బుంటే 4050. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవారికి కూడా ఎన్విడియా కార్డు పనికొస్తుంది.

పేరు ఒకటే అయినా బలం ఒకటి కాదు. ఆర్‌టీఎక్స్ 4050ని కంపెనీ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా అమర్చవచ్చు. తక్కువ వాట్ల 4050, ఎక్కువ వాట్ల 3050కి దగ్గరగా వచ్చేస్తుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో టీజీపీ అని ఉన్న అంకె వెతకండి. అది ఎక్కడా రాయకపోతే అనుమానించండి.

మన మే నెలకు నిలుస్తుందా?

దీని మీదే ఎక్కువసేపు ఆలోచించమంటాను. ల్యాప్‌టాప్‌తో వచ్చే చిన్న పుస్తకంలో, పనిచేయడానికి తగిన గది వేడి సాధారణంగా 35 డిగ్రీల దాకా అని ఉంటుంది. మేలో రామగుండం, జగిత్యాల, మంచిర్యాల, ఆదిలాబాద్‌లో బయట 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. స్లాబు ఇంట్లో, పై అంతస్తులో, మధ్యాహ్నం ఫ్యాన్ కింద కూర్చుంటే గదే ఆ 35ని దాటేసి ఉంటుంది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాన్ లాగేది ఆ గాలినే. చిప్ 95, 100 డిగ్రీల దగ్గరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అందుకే షోరూమ్ ఏసీలో చురుగ్గా కనపడినది ఇంట్లో ఆట మొదలైన పావుగంటకే నత్తనడక నడుస్తుంది.

కాబట్టి పలుచగా, అందంగా ఉన్న ఒంట్లో 'హెచ్' ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కుక్కిన మోడల్ మనకు తగదు. కాస్త మందంగా, రెండు ఫ్యాన్లతో, అడుగున పెద్ద గాలి కిటికీలతో ఉన్నది తీసుకోండి. బరువు అరకిలో పెరిగినా పర్వాలేదు. రివ్యూ చూసేటప్పుడు మొదటి నిమిషం అంకెలు పట్టించుకోకండి. అరగంట ఆడిన తర్వాత వేగం ఎంత మిగిలిందో చెప్పే రివ్యూను నమ్మండి. ఆ రివ్యూ చేసిన గది మనదానికంటే పది డిగ్రీలు చల్లగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి.

వాడేటప్పుడు పరుపు మీద, దుప్పటి మీద పెట్టకండి. స్టాండ్ లేకపోతే వెనక వైపు కింద రెండు నోట్‌బుక్కులు పెట్టినా గాలి ఆడుతుంది. ఆటలో ఫ్రేమ్‌లను 60 దగ్గర ఆపేయండి, వేడి బాగా తగ్గుతుంది. కూలర్ ఉన్న గదిలో తడిగాలి నేరుగా ల్యాప్‌టాప్ మీదికి కొట్టకుండా పక్కకు జరిపి కూర్చోండి.

దుమ్ము సంగతి గోదావరిఖని, బెల్లంపల్లి వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. బొగ్గు ధూళి కిటికీ మూసినా వస్తుంది. ఆదిలాబాద్ వైపు పత్తి రోజుల్లో సన్నటి నూగు ఫ్యాన్ రెక్కలకు చుట్టుకుంటుంది. ఏడాదికోసారి అడుగు మూత విప్పి శుభ్రం చేయించాలి. మూత విప్పితే వారంటీ పోతుందా అన్నది కొనేముందే అడిగి తెలుసుకోండి.

సర్వీస్ ఎంత దూరంలో ఉంది?

కరీంనగర్ నుంచి హైదరాబాద్ 160 కిలోమీటర్లు. ఆదిలాబాద్ నుంచి 300 దాకా ఉంటుంది. ఆదిలాబాద్ వాళ్లకు నాగపూరే దగ్గర, 200 కిలోమీటర్లు. కీబోర్డు పాడైతే ఒక రోజు పని, రానూపోనూ ఛార్జీలు, మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో రోజు. దుకాణంలో రెండు వేలు తగ్గించినదంతా అక్కడ తిరిగి పోతుంది.

అందుకే మోడల్ ఖాయం చేసుకునేముందు ఆ కంపెనీ వెబ్‌సైట్‌కు వెళ్లి, సర్వీస్ సెంటర్లు చూపించే పేజీలో మీ పిన్‌కోడ్ కొట్టండి. కరీంనగర్‌కు 505001, ఆదిలాబాద్‌కు 504001. అక్కడ వచ్చిన నంబరుకు ఫోన్ చేసి, ఈ మోడల్ మీరే చూస్తారా, పైకి పంపిస్తారా అని అడగండి. తర్వాత వారంటీ రకం చూడండి. 'క్యారీ ఇన్' అంటే మనమే మోసుకుపోవాలి. 'ఆన్‌సైట్' అంటే వాళ్ల మనిషి ఇంటికి వస్తాడు. మీ మండలం పిన్‌కోడ్ ఆన్‌సైట్‌లోకి వస్తుందా లేదా అన్నది వేరే ప్రశ్న, దాన్నీ అడగాలి. రెండు మోడళ్లు దాదాపు సమానంగా ఉంటే, మీ ఊరికి ఆన్‌సైట్ ఇచ్చేదే కొనండి. గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు తగ్గించి ఆ డబ్బుతో వారంటీని మూడేళ్లకు పెంచుకోవడం నా దృష్టిలో తెలివైన పని.

తెర, బ్యాటరీ

రోజుకు ఎనిమిది గంటలు చూసేది తెరనే. ఐపీఎస్ అయి, 300 నిట్స్ వెలుగు ఉండాలి. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని రాసి ఉంటే రంగులు వెలిసిపోయినట్టుంటాయి. కోడింగ్‌కు ఫర్వాలేదు, డిజైన్ పనికి వద్దు. బ్యాటరీ 50 వాట్ అవర్ పైన ఉంటే వానాకాలం గాలిదుమారానికి కరెంటు పోయినా మీటింగ్ ఆగదు. కానీ వైఫై రౌటర్ ఆగిపోతుంది. దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి విడిగా కొనుక్కోండి.

ఎక్కడ కొనాలి?

దసరా ముందు ఆన్‌లైన్‌లో ధరలు దిగుతాయి. బ్యాంకు కార్డు తగ్గింపు కూడా కలుస్తుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో బేరమాడవచ్చు. ఊళ్లోని దుకాణంలో కాస్త ఎక్కువైనా, తెలిసిన మనిషి ఉంటాడు. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, వారంటీ దగ్గర చిక్కు వస్తుంది. వడ్డీ లేని ఈఎమ్‌ఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఎంతో అడగండి. సెకండ్ హ్యాండ్ చూస్తుంటే ఇంటెల్ 8వ తరం కంటే పాతది వద్దు. అవి విండోస్ 11కు పనికిరావు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఇంటికొచ్చాక మొదటి వారం

పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లి ర్యామ్ ఎంతుంది, ఎన్ని స్లాట్లు వాడారు, ప్రాసెసర్ పూర్తి పేరేమిటి అన్నవి బిల్లుతో సరిపోల్చండి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి. దుకాణంలో డెమోకు పెట్టినదైతే ఆ తేదీ ముందే మొదలై ఉండవచ్చు.

ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు లోహపు మూత మీద చెయ్యి పెడితే సన్నగా జిల్లుమంటోందా? చాలాసార్లు తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు, ఇంటి వైరింగ్‌లో ఎర్తింగ్ లేకపోవడమే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించండి.

విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కుకు దానంతట అదే తాళం పడవచ్చు. దాని రికవరీ కీ ఆ ఖాతాలోనే ఉంటుంది. ఆ 48 అంకెలను కాగితం మీద కూడా రాసి బిల్లుతో పాటు దాచండి. ఎప్పుడూ ప్లగ్గులోనే పెట్టి వాడేవారు కంపెనీ ఇచ్చిన యాప్‌లో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేలా పెట్టుకోవాలి. నిండుగా, వేడిగా ఉంటే లిథియం బ్యాటరీ తొందరగా వాస్తుంది.

మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల వారమే. అందుకే ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మీ ప్రాజెక్టు బిల్డ్ చేసి, వెంటనే అరగంట ఆట ఆడండి. తెర మినుకుమందా, ఫ్యాన్ గీసుకుంటున్న చప్పుడు వచ్చిందా, ఆఖరి ఐదు నిమిషాల్లో ఆట వేగం సగానికి పడిపోయిందా చూడండి. ఏ ఒక్కటి కనపడినా మరుసటి రోజుదాకా ఆగకుండా ఫిర్యాదు నంబరు తీసుకోండి.