గడువు తీరిన యాంటీవైరస్‌ను వదిలేయకండి



ఇంట్లోనో, దుకాణంలోనో, మన భైంసా జిన్నింగ్ మిల్లుల ఆఫీసుల్లోనో కంప్యూటర్ తెరవగానే 'యాంటీవైరస్ గడువు ముగిసింది' అని వస్తోందా? అది ఇక కొత్త వైరస్‌లను గుర్తుపట్టలేదు. విండోస్‌లో డిఫెండర్ అనే రక్షణ ఉచితంగానే ఉంటుంది. కానీ వేరే యాంటీవైరస్ వేస్తే అది పక్కకు తప్పుకుంటుంది. అందుకే పాతదాన్ని పూర్తిగా తీసేయాలి.

డెస్క్‌టాప్ మీది గుర్తును డిలీట్ చేస్తే సరిపోదు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూడండి. పాతది మొండికేస్తే, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో రిమూవల్ టూల్ ఉంటుందేమో చూడండి. (విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వీలైతే 11కు మారండి.)

పెద్ద ఆఫీసుల్లో, కంప్యూటర్ ల్యాబుల్లో అడ్మిన్ ఒకే చోట కూర్చుని ఈ పని అన్ని కంప్యూటర్లలో చేయగలరు. ముందు రెండు మూడింటిలో చేసి చూసుకుంటారు. వైరస్‌లే యాంటీవైరస్‌ను తీసేయకుండా చాలాచోట్ల పాస్‌వర్డ్ పెడతారు. అది లేకపోతే అడ్మిన్ ఆదేశం కూడా పనిచేయదు.

మీ ఇంటి కంప్యూటర్‌కు మాత్రం అలాంటి అడ్మిన్ ఎవరూ లేరు. 'మేమే ఇక్కడి నుంచి తీసేస్తాం, ఎనీడెస్క్ వేసుకుని కోడ్ చెప్పండి' అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. పిల్లలు హోంవర్క్ చేసే ఆ కంప్యూటర్‌లోనే మీ బ్యాంకు లాగిన్ కూడా ఉండవచ్చు. పొరపాటున కోడ్ చెప్పేశారా? ముందు ఇంటర్నెట్ ఆపండి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.