భయానికి పేరు పెట్టండి, లెక్క రాయండి

దెయ్యాల కథలు, హత్యల కథలు రాసేవాడి రోజు ఎలా గడుస్తుందని చాలామంది అడుగుతుంటారు. మీ రోజులాగే గడుస్తుంది. పొద్దున్నే పాల ప్యాకెట్, మోటారు వేసి ట్యాంకు నిండేదాకా కాపలా, ఆఫీసు టైమవుతోందన్న కంగారు. ఆ సందులో దొరికిన కాస్త వేళలోనే శవం ఎక్కడుందో, అర్ధరాత్రి తలుపు తట్టిందెవరో నేను తేల్చుకోవాలి. మూడ్ వచ్చేదాకా ఆగుతానంటే వారపత్రిక నాకోసం ఆగదు.

ఈ దారిలో ముందు నడిచిన పెద్దలూ అలాగే రాశారు. పి.డి. జేమ్స్ లండన్‌లో ఆసుపత్రుల పరిపాలనలో ఉద్యోగం చేస్తూ, జబ్బుపడ్డ భర్తను, ఇద్దరు ఆడపిల్లలను చూసుకుంటూ, తెల్లవారుజామున లేచి రాసుకున్నారు. మొదటి నవల 1962లో వచ్చేనాటికి ఆవిడకు నలభై దాటాయి. హిందీలో వందల క్రైమ్ నవలలు రాసిన సురేంద్ర మోహన్ పాఠక్ ఏళ్ల తరబడి ఢిల్లీలో ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ ఉద్యోగి. ఇవన్నీ తెలిశాక కూడా ‘టైం లేదండీ’ అంటారా? దయచేసి నా దగ్గర అనకండి. మిమ్మల్ని ఆపుతున్నది టైం కాదు, భయం. దాని సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

‘తులసిదళం’, ‘కాష్మోరా’ రాసిన యండమూరి వీరేంద్రనాథ్ గారే ‘విజయానికి ఐదు మెట్లు’ కూడా రాశారంటే కొందరికి వింతగా ఉంటుంది. నాకు ఉండదు. పాఠకుడిలో భయాన్ని ఇటుక మీద ఇటుక పేర్చి కట్టేవాడికి, ఏ ఇటుక లాగితే అది కూలుతుందో కూడా తెలుస్తుంది.

స్టీఫెన్ కింగ్ 1981లో వచ్చిన ‘డాన్స్ మకాబర్’ అనే పుస్తకంలో ఒక కిటుకు చెబుతారు. మూసిన తలుపు వెనక ఏదో గీరుతున్న చప్పుడు వినిపించినంతసేపే అసలైన భయం. తలుపు తెరుచుకుని పది అడుగుల పురుగు కనిపించిందా, చూసేవాడు కెవ్వుమంటాడు. కానీ లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకుంటాడు. అది వంద అడుగులుంటుందేమో అనుకున్నాడు మరి! మా వృత్తి రహస్యమంతా ఇందులోనే ఉంది. ఆ తలుపును వీలైనంతసేపు మూసి ఉంచడమే మా పని. మీరు మీ జీవితంలో చేస్తున్నదీ అదే. మీ తలుపును మీరే మూసిపెట్టుకుని, దాని ముందు కూర్చుని వణుకుతున్నారు. ఏళ్ల తరబడి! ఎందుకండీ?

నాకూ తలుపులున్నాయి. అర్ధరాత్రి ఫోన్ మోగితే ఊళ్లో నాన్నకు ఏదో అయిందనే అనుకుంటాను. రాంగ్ నంబరని తేలాక కూడా చేతులు వణుకుతూనే ఉంటాయి. వచ్చేవారం భాగానికి కథ తోచదేమో, రాయడం ఇక అయిపోయిందేమో అన్న దిగులు ఇన్నేళ్లయినా వదల్లేదు. పాఠకులను జడిపించేవాడికి జడుపు ఉండదనుకోకండి. అదే లేకపోతే ఒక్క పేజీ రాయలేను.

అందుకే నేను ఒక అలవాటు చేసుకున్నాను. మీరు మిగతా సలహాలన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, దీన్ని మాత్రం వదలకండి. ఒక మామూలు రూళ్ల నోటుబుక్కు కొనండి. రాత్రి పడుకునే ముందు కాదు, పొద్దున వెలుతురులో కూర్చుని, మిమ్మల్ని తొలుస్తున్న భయాన్ని ఒక్క వాక్యంలో రాయండి. ఆ తర్వాత కథలో డిటెక్టివ్ అడిగే ప్రశ్నలన్నీ దాన్ని అడగండి. ఏం జరుగుతుంది? ఎప్పుడు? ఎక్కడ? ఎంత? ఎవరికి ముందు తెలుస్తుంది? అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేశారు. అందుకే ఆవిడ కథల్లో విషం అన్నమాటతో సరిపోదు, ఏ మందు, ఎంత మోతాదు, ఎంతసేపట్లో పనిచేస్తుందన్న లెక్క ఉంటుంది. మీ భయానికీ అలాంటి లెక్కే కావాలి. ‘ఉద్యోగం పోతే నాశనమైపోతాను’ అని రాసి పుస్తకం మూసేయకండి. నోటీసు ఎన్ని రోజులు, బ్యాంకులో ఉన్నది ఎన్ని నెలలు వస్తుంది, ఇంటి ఈఎంఐ ఎంత, ఏ ఖర్చు ఆపొచ్చు, మొదటి ఫోన్ ఎవరికి చేస్తారు... అన్నీ రాయండి. అంకెలు వేయండి.

చివరగా, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ చెడు జరిగిపోయిన మర్నాడు పొద్దున్న మీరేం చేస్తారో రాయండి. సీరియల్ రాసేవాడు నాయకుణ్ణి బావిలో పడేసి ఊరుకోలేడు, వచ్చేవారం అతణ్ణి పైకి తీసుకురావాలి. భయం మాత్రం ఎప్పుడూ బావి దగ్గరే కథ ఆపేస్తుంది. ఆ తర్వాతి భాగం మీరు రాయాలి.

నాన్న గురించి రాసినప్పుడు నా పేజీలో తేలినవి చాలా చిన్న పనులు. పక్కింటివాళ్ల నంబరు నా దగ్గర లేదు, తీసుకున్నాను. 108 నంబరు, మందుల చీటీ, ఆరోగ్య బీమా కాగితాలు ఒకేచోట ఉండేలా ఆయన మంచం పక్క గోడకు సంచి తగిలించాం. రాత్రి కారు తీయగలిగే బంధువు ఎవరో ముందే మాట్లాడుకున్నాం. ఫోన్ మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాను. కానీ ఆ తర్వాత ఏం చేయాలో నాకు తెలుసు.

‘చెడు రాస్తే తథాస్తు దేవతలు వింటారు’ అని మా అమ్మ కసురుతుంది. మీ ఇంట్లోనూ అంటారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. అందుకే సగం పేజీతో ఎప్పుడూ లేవను. గండం రాసిన చేత్తోనే గట్టెక్కే దారీ రాసి లేస్తాను.

అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో విద్యార్థులచేత వరసగా కొన్ని రోజులు, రోజుకో పావుగంట, మనసులోని బాధలు రాయించారు. అలా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్లడం తగ్గిందని తేలింది. అందరిలోనూ ఒకే ఫలితం రాలేదని తర్వాత కొందరు పరిశోధకులు అన్నారు. నేను నమ్మేది మాత్రం నా నోటుబుక్కును చూసే.

మిగతావి మీకు తెలిసినవే. రోజూ ఒకే వేళకు కూర్చోండి. నడవండి. నిద్ర తగ్గించుకోకండి. పని అయ్యేదాకా ఫోన్ పక్క గదిలో ఉంచండి. మీ రంగంలో మంచివాళ్లు చేసిన పనిని చూసి నేర్చుకోండి.

ఒక్కరోజు రాసి ‘ఏం మారలేదు’ అని ఫిర్యాదు చేయకండి. ఎన్నేళ్ల భయం అది! నెల రోజులైనా ఓపిక పట్టండి. మొదట్లో చెయ్యి మొరాయిస్తుంది, పేజీ ఖాళీగా ఉంటుంది. ఉండనీయండి, మర్నాడు మళ్లీ కూర్చోండి. మీవల్ల అవుతుంది. అయితే రాస్తున్నా వారాల తరబడి నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే, బతకడమే వృథా అనిపిస్తుంటే అది నోటుబుక్కుతో తీరేది కాదు. వెంటనే డాక్టర్ని కలవండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. నోటుబుక్కు మొదటి పేజీలో ముందు ఆ నంబరు రాసుకోండి.