నడుము వరకే

అమెరికాలో టెలివిజన్ ఇంటింటికీ చేరుతున్న కాలమది. ప్రతి ఆదివారం రాత్రి కుటుంబాలు ఎడ్ సల్లివాన్ నిర్వహించే వినోద కార్యక్రమాన్ని వీక్షించేవి. రాక్ అండ్ రోల్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ నడుము ఊపుతూ పాడడం పెద్దలకు అసభ్యంగా తోచింది. అతనికి తన వేదికపై చోటు లేదన్నాడు సల్లివాన్. అయితే 1956 జూలై 1న ఎల్విస్ పాల్గొన్న స్టీవ్ అలెన్ కార్యక్రమం ప్రేక్షకాదరణలో సల్లివాన్‌ను మించిపోయింది. పట్టుదల సడలింది. మూడు ప్రదర్శనలకు 50,000 డాలర్ల ఒప్పందం కుదిరింది. సెప్టెంబర్ 9న మొదటి ప్రదర్శనను సుమారు 6 కోట్ల మంది తిలకించారు. 1957 జనవరి 6నాటి మూడవ ప్రదర్శనలో కెమెరా అతనిని నడుము వరకే చూపింది. స్టూడియోలోని యువతుల కేకలు మాత్రం ఇళ్లలో వినిపిస్తూనే ఉన్నాయి. వాటికి కారణమేమో ప్రేక్షకులే ఊహించుకోవాలి! ఆ రాత్రే సల్లివాన్ ఎల్విస్‌ను మర్యాదస్తుడైన యువకుడని వేదికపై ప్రశంసించాడు.