ప్రశ్నలు - జవాబులు: కానుక విత్తితే అప్పు తీరుతుందా?

ప్రశ్న: విశ్వాసం ఉంటే జబ్బు రాదనీ, కానుక విత్తితే నూరంతలుగా తిరిగి వస్తుందనీ స్వస్థత కూడికల్లో చెబుతున్నారు. నల్ల తామరపురుగు సోకి మిరప పోయిన రైతు అప్పు తెచ్చి కానుక వేయాలా? షుగరు మాత్రలు మానేయడం విశ్వాసానికి గుర్తా? (ఒక పాఠకురాలు, పెదకాకాని)

జవాబు: రెండింటికీ జవాబు కాదనే. దేవుణ్ణి నమ్మినవారికి ఈ లోకంలోనే ఐశ్వర్యమూ ఆరోగ్యమూ తప్పక దక్కుతాయనే బోధను సమృద్ధి సువార్త అంటారు. గత శతాబ్దంలో అమెరికాలో ఓరల్ రాబర్ట్స్, కెన్నెత్ హేగిన్ వంటి ప్రచారకుల ద్వారా వ్యాపించిన ఈ బోధ కానుకను విత్తనంగానూ, దేవుడిచ్చే దీవెనను కోతగానూ వర్ణిస్తుంది కనుక, సేద్యం మీద బతికే ఊళ్లలో ఇట్టే మనసుకు పడుతుంది.

దీనికి తరచుగా చూపే ఆధారం మలాకీ గ్రంథం మూడో అధ్యాయం. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, తెచ్చినవారి పంటను తినే పురుగును దేవుడు అణచివేస్తాడన్న మాట అక్కడ నిజంగానే ఉంది. పురుగు పట్టి చేను ముడుచుకుపోయిన రైతు దాని మీద ఆశ పెట్టుకోవడంలో వింత లేదు. అయితే అది ఇశ్రాయేలు జాతితో దేవుడు చేసిన నిబంధనకు, అంటే ఒడంబడికకు, సంబంధించిన మాట. పైగా ఆ పదో వంతు పండిన పంటలోంచి తీసేదే గాని అప్పు తెచ్చి ఇచ్చేది కాదు. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడేళ్లకొకసారి అది ఆలయ సేవ చేసే లేవీయులతోపాటు పరదేశులకు, తండ్రిలేని పిల్లలకు, విధవరాండ్రకు చేరేది. అప్పుల్లో ఉన్న ఇంటి నుంచి పుచ్చుకోవడానికి ఆ వాక్యాన్ని వాడటం దాన్ని తలకిందులు చేయడమే.

ఆరోగ్యం సంగతీ అంతే. తన శరీరంలోని ముల్లు తీసేయమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు దేవుణ్ణి వేడుకున్నా అది పోలేదు. తన సహచరుడైన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని తన శిష్యుడైన తిమోతికి రాశాడు. వీరికి విశ్వాసం చాలలేదని ఏ బోధకుడూ అనలేడు.

ఈ నేల మీదే ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఉంది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి కూలి పని కల్పించాడు. కాని తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిశాకే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. విశ్వాసానికీ కూటికీ ముడి పెట్టరాదని ఆయన ఆనాడే గ్రహించాడు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ప్రార్థనను, మందును వేరు చేయలేదు. ఆమె కట్టించిన ఆస్పత్రి ఆమె పేరుతోనే ఉంది.

కనుక రోగి కోసం ప్రార్థన చేయించుకోవచ్చు, మాత్రలు మాత్రం ఆపకూడదు; ఇప్పటికే ఆపినవారు ఈ రోజే డాక్టరును కలవాలి. కానుక కోసం తెచ్చిన అప్పు ఇంట్లోనే ఉంటే, వడ్డీ పెరగకముందే దాన్ని తిరిగి ఇచ్చేయాలి.